ఒక్క పేరా రాయలేక చేసిన పనులన్నీ

పీహెచ్‌డీ చివరి సంవత్సరంలో పొద్దున కూర్చుంటే రాత్రి దాకా పని చేస్తూనే ఉన్నాను. రిఫరెన్సులన్నీ ఒక్కొక్కటిగా సరిచేశాను, గ్రాఫులన్నిటికీ రంగులు మార్చాను, పాత ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లకు తేదీలతో కొత్త పేర్లు పెట్టాను, ఎవరు ఏ మెయిల్ పంపినా అప్పటికప్పుడే జవాబిచ్చాను. చివరి చాప్టర్ మాత్రం కదల్లేదు. రాత్రి కంప్యూటర్ మూసేటప్పటికి ఒళ్లు అలిసిపోయి ఉండేది, లోపల మాత్రం ఎవరికో బాకీ పడినట్టు ఉండేది. ఇలా చాలా రోజులు గడిచాక గానీ ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆ అర్థమైన విషయం గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఈ అవస్థలో ఉన్నవాళ్లలో చాలామంది తాము బద్ధకస్తులమని అనుకుని తమను తామే తిట్టుకుంటూ ఉంటారు. బద్ధకం ఉన్న మనిషి రిఫరెన్సుల్లో కామాలు సరిచేస్తూ అర్ధరాత్రి దాకా కూర్చోడు.

ముందు నా పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. నా థీసిస్ నేలలోని తేమకు, నేలలోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు మధ్య ఉన్న సంబంధం గురించి. మట్టిలోని సూక్ష్మజీవులు, మొక్కల వేళ్లు శ్వాసిస్తాయి కాబట్టి ఆ వాయువు వస్తుంది. పొడి నేల తడిసే కొద్దీ సూక్ష్మజీవుల పని పుంజుకుంటుంది, ఒక హద్దు దాటాక మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీళ్లతో నిండిపోయి ఆక్సిజన్ లోపలికి సరిగా చేరదు, అక్కడి నుంచి వాయువు తగ్గడం మొదలవుతుంది. కొలతలు అయిపోయాయి, లెక్కలు అయిపోయాయి, పద్ధతుల చాప్టర్ చకచకా రాసేశాను, ఫలితాల చాప్టర్ కూడా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. మిగిలింది డిస్కషన్ చాప్టర్. వచ్చిన ఫలితాలకు అర్థం ఏమిటి, ఇంతకు ముందు ఇతరులు చెప్పినదానితో ఎక్కడ కలుస్తోంది, ఎక్కడ కలవడం లేదు, అది నా మాటల్లో చెప్పాల్సిన చోటు అది.

ఆ ఫైలు తెరవగానే గుండెల మీద కొంచెం బరువు పడేది. పెద్ద భయమేమీ కాదు, చిన్న ఇబ్బంది, కుర్చీలో సరిగ్గా కూర్చోలేనట్టు. రెండు వాక్యాలు చదివేసరికి చెయ్యి దానంతట అదే ఇంకో విండో తెరిచేది. ఇది బాగా గమనించాను, నేను నిర్ణయించుకున్నాక చెయ్యి కదిలేది కాదు, చెయ్యి కదిలాకే నేను దానికి కారణం వెతుక్కోవడం జరిగేది. "ఈ రిఫరెన్సులో జర్నల్ పేరు పూర్తిగా లేదు, ఇప్పుడే సరిచేస్తే పోతుంది కదా." సరిచేయగానే ఆ బరువు దిగిపోయేది. నిజంగా దిగేది, అబద్ధం కాదు. ఒక పని పూర్తయింది, కంటికి కనిపిస్తోంది, ఎవరూ తప్పు పట్టలేరు.

ఫ్యూషా సిరోయ్, టిమొతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన ఒక వ్యాసంలో వాదించింది సరిగ్గా ఇదే. వాయిదా వేయడం అనేది టైమ్ సరిగా వాడుకోలేకపోవడం వల్ల వచ్చే సమస్య కంటే, ఈ క్షణంలో మనసుకు కలిగే బాధను తగ్గించుకునే ప్రయత్నం అని వాళ్లు అంటారు. ఇప్పటి మనసు తేలిక పడుతుంది, ఆ ధర రేపటి మనిషి చెల్లిస్తాడు. ఇది చదివాక నాకు చాలా ఊరట కలిగింది, ఎందుకంటే అప్పటిదాకా నేను ప్రయత్నించినవన్నీ టైమ్ చుట్టూ తిరిగే చిట్కాలే. ఇరవై అయిదు నిమిషాల టైమర్ పెట్టుకున్నాను, ఫ్రాన్చెస్కో సిరిల్లో 1980ల చివర్లో తయారు చేసిన పొమొడోరో పద్ధతి. ఆ పద్ధతి మంచిదే, కానీ ఆ ఇరవై అయిదు నిమిషాలూ నేను రిఫరెన్సులు సరిచేసుకుంటూ కూర్చోవచ్చు, టైమర్‌కు ఆ తేడా తెలియదు. సోషల్ మీడియా సైట్లు తెరుచుకోకుండా బ్లాకర్ పెట్టాను. అది ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లకు పనికొస్తుంది. నేను పారిపోయేది థీసిస్‌లోంచి థీసిస్‌లోకే, దాన్ని ఏ బ్లాకర్ ఆపుతుంది? చెయ్యాల్సిన పనుల పట్టీ కూడా రాసుకున్నాను, అందులో "డిస్కషన్ చాప్టర్" అని ఒక్క గీత, దాని కింద చిల్లర పనులు బోలెడు. రోజూ కింది గీతలన్నీ కొట్టేయడం అయిపోయేది, పైది అలాగే ఉండేది.

నేను ఎంచుకున్న పనుల్లో ఒక పోలిక ఉందని నెమ్మదిగా తెలిసింది. గిన్నెలు కడగడం, అల్మారా సర్దడం లాంటివి తక్కువ. ఎక్కువ భాగం అసలు పనికి దగ్గరి చుట్టాలే. అదే డాక్యుమెంట్, అదే టేబుల్ మీద, అదే విషయం గురించి. దగ్గరి పని అయితేనే "పని చేస్తున్నాను" అని మనసు ఒప్పుకుంటుంది. ఇంట్లో దుమ్ము దులిపితే గంటలోనే అపరాధ భావం మొదలవుతుంది, గ్రాఫుకు రంగులు మారిస్తే రోజంతా గడిచినా అది రాదు. రంగులు గుర్తుపట్టడం కష్టమైనవాళ్లకు కూడా తేడా తెలిసే విరిడిస్ రంగుల వరస గురించి నేను ఒక వారాంతం మొత్తం చదివాను. మంచి విషయమే, గ్రాఫులు బాగుపడ్డాయి కూడా. అందుకే ఈ రకం వాయిదాను పట్టుకోవడం చాలా కష్టం, దానివల్ల ఎంతో కొంత లాభం నిజంగానే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం ఎలా గడిచిందో చెబుతాను. డిస్కషన్‌లో ఒక వాక్యానికి ఒక సంఖ్య కావాలి, బాగా తడిగా ఉన్న వారంలో నేల తేమ సగటు ఎంత అని. డేటా ఫైలు తెరిచాను. ఒక సీజన్ ఫైల్లో తేమ కాలమ్‌కు ఒక పేరు, ఇంకో సీజన్ ఫైల్లో ఇంకో పేరు ఉంది, కొన్ని చోట్ల శాతంలో, కొన్ని చోట్ల భిన్నంలో. ఇది ఇలా ఉంటే ఎలా అని అన్నీ ఒకే తీరుకు తెచ్చే చిన్న ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. దానికి ఒక ప్యాకేజీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) కొత్త వెర్షన్ కావాల్సి వచ్చింది. అప్‌డేట్ చేస్తే పాత గ్రాఫుల కోడ్ పని చెయ్యడం మానేసింది. అది బాగు చేశాను. బాగు చేస్తుంటే గ్రాఫుల మీద అక్షరాలు చిన్నగా ఉన్నాయనిపించి అవీ పెంచాను. చీకటి పడింది. ఆ వాక్యంలో సంఖ్య ఉండాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఇలా ఒక పని కోసం ఇంకో పని, దాని కోసం మరో పని చేస్తూ పోయి మొదటిది మరిచిపోవడాన్ని ప్రోగ్రామర్లు యాక్ షేవింగ్ అంటారు, వాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే విషయం. ఆ గొలుసులో ప్రతి మెట్టూ సబబుగానే కనిపించింది, అదే నన్ను బాగా ఆలోచింపజేసింది. ఫలానా చోట దారి తప్పాను అని వేలు పెట్టి చూపించలేను.

మెయిళ్లది ఇంకో కథ. మెయిల్‌లో తేదీ ఉంటుంది, అవతల ఎదురుచూసే మనిషి ఉంటారు. సెమినార్ గది మారింది, శుక్రవారం లోపు ఒప్పుకుంటున్నట్టు చెప్పండి అని ఒక మెయిల్ వస్తే థీసిస్ కంటే అదే ముఖ్యమైనట్టు అనిపించేది. 2018లో మెంగ్ జూ, యాంగ్ యాంగ్, క్రిస్టఫర్ షీ ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయం మీదే. ఎక్కువ ప్రతిఫలం ఇచ్చే పని, తక్కువ ప్రతిఫలం ఇచ్చే పని రెండూ ముందు పెట్టి, తక్కువ ఇచ్చేదానికి గడువు దగ్గర్లో ఉన్నట్టు చూపిస్తే, ఆ గడువు వల్ల ఒరిగేదేమీ లేకపోయినా, గడువు లేనప్పటికంటే ఎక్కువమంది దాని వైపు మొగ్గారు. డిస్కషన్ చాప్టర్‌కు గడువు నెలల దూరంలో ఉంది, అడిగేవాళ్లు ఎవరూ లేరు. అలాంటి పని రోజూ ఓడిపోతుంది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే కాదు, నలుగురు కూర్చున్నా ఇంతే. మా ల్యాబ్ మీటింగుల్లో స్లైడ్ల మీద లోగో ఎక్కడ ఉండాలి అనేదానికి బోలెడంత చర్చ, శాంపిళ్లు సరిపోయాయా అన్న ప్రశ్నకు రెండు తలల ఊపు. ఆఫీసుల తీరు మీద వ్యంగ్యంగా రాసిన బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1957లోనే ఇది చెప్పాడు: అణు రియాక్టర్ ఖర్చు కమిటీలో నిమిషాల్లో ఆమోదం పొందుతుంది, సైకిళ్ల షెడ్డు గురించి మాత్రం అందరూ మాట్లాడతారు, ఎందుకంటే షెడ్డు అందరికీ అర్థమవుతుంది.

అయితే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పద్ధతుల చాప్టర్ కూడా పెద్దదే, విసుగు పుట్టించేదే, దాన్ని ఎందుకు అంత సులువుగా రాయగలిగాను? కష్టం అనేదే కారణమైతే అదీ ఆగాలి కదా. జోసెఫ్ ఫెరారీ, డయాన్ టైస్ 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో దీనికి ఆధారం దొరికింది. ఒకే లెక్కల పనిని కొందరికి మీ తెలివిని కొలిచే ముఖ్యమైన పరీక్ష అని చెప్పారు, కొందరికి సరదా ఆట అని చెప్పారు. ఎప్పుడూ వాయిదా వేసే అలవాటున్నవాళ్లు పరీక్ష అని చెప్పినప్పుడే ప్రాక్టీసు మాని వేరే వాటితో కాలక్షేపం చేశారు, ఆట అని చెప్పినప్పుడు మిగతావాళ్లకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. పని మారలేదు, దాని మీద ఎవరో తీర్పు చెప్తారన్న ఊహ మాత్రమే మారింది. నేను ఏ ట్యూబు ఏ లోతులో పెట్టాను, ఎన్ని గంటలకు కొలిచాను అనేది రాస్తే నా మీద తీర్పేమీ లేదు, అలా చేశాను అంతే. డిస్కషన్‌లో "దీని అర్థం ఇదని నేను అనుకుంటున్నాను" అని రాయాలి. అక్కడ నేను కనిపిస్తాను.

(ఈ పరిశోధనలు చదవడం కూడా మొదట్లో పక్క పనే అయింది, అది చెప్పకపోతే సరిగ్గా చెప్పినట్టు కాదు. కానీ ఇందులోంచి బయటికి ఒక దారి దొరికింది.)

ఆ దారి ఏమిటంటే, పారిపోకుండా ఉండటానికి ప్రయత్నించడం మానేసి, ఎక్కడి నుంచి పారిపోతున్నానో రాసుకోవడం మొదలుపెట్టాను. కీబోర్డు పక్కన ఒక కాగితం. చెయ్యి ఇంకో విండో వైపు వెళ్లిన ప్రతిసారీ, ఆ క్షణంలో కర్సర్ ఏ వాక్యం దగ్గర ఉందో ఆ కాగితం మీద రాయడం, ఆ తర్వాత కావాలంటే వెళ్లి ఆ చిల్లర పని చేసుకోవచ్చు, అడ్డు లేదు. తిట్టుకోవడం లేదు, ఆపడం లేదు, రాసుకోవడం మాత్రమే. ఇలా కొన్ని రోజులు చేశాక కాగితం చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. నేను చాప్టర్ మొత్తం నుంచి పారిపోవడం లేదు. ఉపోద్ఘాతం దగ్గర ఒక్క గుర్తు లేదు, ఉష్ణోగ్రత గురించిన భాగం దగ్గర అరుదుగా ఉంది. గుర్తులన్నీ ఒకే చోట గుమిగూడి ఉన్నాయి, నా ఫలితాన్ని మా గైడ్ పాత పేపరుతో పోల్చాల్సిన పేరా దగ్గర.

మా గైడ్ చాలా ఏళ్ల క్రితం ఇలాంటి ఇసుక నేలలోనే కొలిచి, తేమ పెరిగే కొద్దీ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉందని ప్రచురించారు. ఆవిడకు పేరు తెచ్చిన పేపరు అది. నా కొలతల్లో బాగా తడిసిన రోజుల్లో అది స్పష్టంగా తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకు తెలుసు, పైన చెప్పిన ఆక్సిజన్ సంగతే, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అంటే నాకు అడ్డం వచ్చింది తెలియకపోవడం కాదు. నన్ను చేరదీసి, పని నేర్పించిన మనిషి రాసినదానికి భిన్నంగా నా పేరుతో ఒక వాక్యం రాయాలి, అది ముందు ఆవిడే చదువుతారు. నెలల తరబడి నేను సర్దిన ఫోల్డర్లు, మార్చిన రంగులు, సరిచేసిన కామాలు అన్నీ ఆ ఒక్క పేరాను చుట్టి వెళ్లడానికి వేసుకున్న బాటలు.

ఇది తెలిశాక భారం సగం తగ్గింది. "డిస్కషన్ చాప్టర్ రాయాలి" అనేది ఎవరికైనా భయం పుట్టించేంత పెద్ద మాట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "మేడమ్ పేపరుతో నా ఫలితం ఎక్కడ విడిపోయిందో ఒక వాక్యంలో చెప్పాలి" అనేది కష్టమే అయినా దానికి అంచులున్నాయి. ఆ వాక్యాన్ని కంప్యూటర్‌లో కాకుండా చేత్తో రాశాను, కంప్యూటర్‌లో అయితే పక్కనే వంద తలుపులు తెరిచి ఉంటాయి. మొదటిసారి రాసింది మొరటుగా ఉంది, మర్యాదగా కూడా లేదు. అలాగే ఉంచాను.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో ఒక సాదా పద్ధతి ఉంది, "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందుగానే నిర్ణయించుకుని ఉంచుకోవడం. గట్టిగా పని చెయ్యాలి అని అనుకోవడం కంటే ఇలా పరిస్థితికీ పనికీ ముడి వేసి పెట్టుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని ఆయన పరిశోధన. నేను పెట్టుకున్నది ఇది: రాస్తుండగా ఏదైనా సంఖ్య గానీ రిఫరెన్సు గానీ వెతకాలనిపిస్తే, ఆ చోట "ఇక్కడ సంఖ్య" అని రాసి తర్వాతి వాక్యానికి వెళ్తాను. అంతే. డేటా ఫైలు సాయంత్రమే తెరుస్తాను. ఈ ఒక్క నియమం పైన చెప్పిన మధ్యాహ్నం లాంటి వాటిని దాదాపు ఆపేసింది. చిల్లర పనులకు ఒక వేరే కాగితం పెట్టాను, గుర్తొచ్చినవన్నీ అందులోకి వెళ్తాయి, రోజు చివర అలసిపోయాక, రాసే ఓపిక లేనప్పుడు, అవి హాయిగా చేసుకుంటాను. చిల్లర పనులు చెడ్డవి అని నేను అనను, రిఫరెన్సులు ఎవరో ఒకరు సరిచేయాలి కదా. వాటి వేళ వేరు.

పక్క పనికీ నిజంగా అవసరమైన తయారీకీ తేడా ఎలా తెలుసుకోవాలి అని ఒక స్నేహితురాలు అడిగింది. తనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఈ పని పూర్తయితే ఆ భయపెట్టే పేరాలో ఒక్క వాక్యమైనా మారుతుందా? మారుతుంది అంటే అది తయారీ. గ్రాఫు రంగు మారితే నా వాదనలో ఏమీ మారదు. తడి వారం సగటు తెలిస్తే మారుతుంది, కానీ కాలమ్ పేర్లన్నీ ఒకే తీరుకు తెస్తే మారదు. ఈ ప్రశ్న వేసుకోవడానికి క్షణం పడుతుంది, జవాబు చాలాసార్లు మనకు ముందే తెలిసి ఉంటుంది.

స్టాన్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన జాన్ పెర్రీ 1996లో దీనికి పూర్తిగా వేరే ఉపాయం చెప్పాడు. వాయిదా వేసేవాళ్లు ఎలాగూ పట్టీలో పైనున్న పనిని తప్పించుకోవడానికి కింది పనులు చేస్తారు కాబట్టి, పైన ముఖ్యమైనట్టు కనిపించే, నిజానికి ఆలస్యమైనా మునిగిపోయేదేమీ లేని పనిని పెట్టుకుంటే, కింది మంచి పనులన్నీ పూర్తవుతాయని. చాలామందికి ఇది బాగా పనికొచ్చిందని తెలుసు, 2011లో దీనికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. నా పరిస్థితిలో అది కుదరలేదు. నా పట్టీలో పైన ఉన్నది నిజంగానే తప్పించుకోలేని పని, దాన్ని చిన్నదిగా చూపించి నన్ను నేను నమ్మించుకోలేకపోయాను. రకరకాల చిన్న బాధ్యతలు ఉన్నవాళ్లకు ఆ ఉపాయం మంచిది, ఒకే ఒక్క పెద్ద పని మెడ మీద ఉన్నవాళ్లకు దాన్ని నేను సలహా ఇవ్వను.

చేత్తో రాసిన ఆ వాక్యం పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లాను. డ్రాఫ్ట్ పూర్తయ్యాక వెళ్దామనుకుంటే అది కూడా వాయిదాయే అవుతుందని అనిపించింది.

"మేడమ్, మీ పాత పేపరులో ఉన్నదానికి నా ఫలితం ఒక చోట భిన్నంగా వస్తోంది."

"తేమ బాగా ఎక్కువున్న దగ్గర తగ్గుతోంది, అదేనా?"

"అవును మేడమ్."

"నువ్వు టేబుల్ పంపినప్పుడే చూశాను. మా ప్లాట్లు ఎప్పుడూ అంత తడవలేదు, మాకు ఆ తగ్గే భాగం కనిపించే వీలే లేదు. దాన్ని నువ్వు ఎలా రాస్తావో చూద్దామని ఆగాను." కాగితం తీసుకుని చదివి, "మా కొలతలు ఎంత తేమ దాకా వెళ్లాయో ఆ అంకె కూడా ఇక్కడ రాయి, చదివేవాళ్లకు తేడా ఎందుకొచ్చిందో అదే చెప్తుంది" అన్నారు. నేను లేవబోతుంటే ఇంకో మాట అడిగారు. "తడిగా ఉన్న రోజుల్లో నేల చల్లగా కూడా ఉండి ఉంటుంది కదా. తగ్గింది తేమ వల్లా, చల్లదనం వల్లా?"

నా దగ్గర జవాబు లేదు. ఉష్ణోగ్రత తగ్గితే సూక్ష్మజీవుల శ్వాస తగ్గుతుందని తెలుసు, నా దగ్గర రోజువారీ ఉష్ణోగ్రత కొలతలు కూడా ఉన్నాయి, కానీ ఆ రెండింటినీ వేరు చేసి చూడలేదు. ఆవిడ కోపగించుకుంటారేమో అనే ఊహ చుట్టూ అన్ని నెలలు తిరిగాను, అసలు కష్టమైన ప్రశ్న అది కాదు, ఇది. ఈ ప్రశ్న ఆ పేరాలోకి దిగితే గానీ కనపడదు. బయట తిరుగుతున్నంత కాలం నేను భయపడింది ఒకదానికి, నిజంగా తేల్చాల్సింది ఇంకొకటి. ఈ అనుభవం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే, చిల్లర పనులు టైమ్ తినడం అటుంచితే, అసలు సమస్య ఏమిటో మనకు తెలియకుండా చేస్తాయి.

తర్వాతి పని విచిత్రంగా ఇబ్బంది పెట్టలేదు. దగ్గర దగ్గర ఉష్ణోగ్రతలున్న రోజులను మాత్రమే తీసుకుని తేమతో పోల్చి చూశాను. తగ్గుదలలో కొంత భాగం చల్లదనానిదే, మిగతాది అలాగే నిలిచింది. అంటే నేను ముందుగా రాసిన వాక్యం కొంచెం గట్టిగా చెప్పిన వాక్యం, దాన్ని తగ్గించి రాశాను. ఇది కష్టమైన పనే, చాలా గంటలు పట్టింది, కానీ ఆ గంటల్లో చెయ్యి ఇంకో విండో వైపు వెళ్లలేదు. కష్టానికీ తప్పించుకోవడానికీ నేరుగా ముడి లేదని అప్పుడు నాకు బాగా నమ్మకం కుదిరింది.

అన్ని రోజులూ ఇలా సవ్యంగా గడిచాయని చెప్పను. వైవా దగ్గర పడిన కొద్దీ మళ్లీ ఫార్మాటింగ్‌లో పడి కొట్టుకుపోయిన రోజులున్నాయి. అలాంటి రోజున రాత్రి తిట్టుకుంటూ కూర్చుంటే మర్నాడు ఆ ఫైలు ఇంకా బరువుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు దానికి నిన్నటి సిగ్గు కూడా తోడైంది. మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ 2010లో కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారని తేలింది. క్షమించుకుంటే ఇంకా అలుసవుతుందని పెద్దవాళ్లు భయపెడతారు, ఈ ఫలితం అందుకు ఎదురుగా ఉంది, నా అనుభవం కూడా ఈ ఫలితం వైపే.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. ఒక్క పని దగ్గర కాకుండా జీవితంలో ప్రతి పని దగ్గరా ఇలా జరుగుతుంటే, బిల్లు కట్టడం, ఫోన్ చెయ్యడం, స్నానం చెయ్యడం కూడా కొండలా కనిపిస్తుంటే, నిద్ర, ఆకలి చెడిపోతుంటే, అప్పుడు కాగితాలూ నియమాలూ సరిపోవు. డిప్రెషన్‌లోనూ, ఆందోళన సమస్యల్లోనూ, ఏడీహెచ్‌డీ అనే, శ్రద్ధ నిలవని సమస్యలోనూ పని మొదలుపెట్టలేకపోవడం సాధారణంగా కనిపించే విషయం, వాటికి వైద్యం ఉంది. డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి, దాన్ని మాత్రం వాయిదా వేయకండి.

డిగ్రీ వచ్చింది. ఆ చాప్టర్నే పేపరుగా మార్చి జర్నల్‌కు పంపితే, ఇద్దరు రివ్యూయర్ల నుంచి వ్యాఖ్యలు వచ్చాయి. అందులో చాలావరకు స్పెల్లింగులు, గ్రాఫులో అక్షరాల సైజు, ఒక రిఫరెన్సు సంవత్సరం. రెండో రివ్యూయర్ మాత్రం ఉష్ణోగ్రతను విడదీసిన పద్ధతి సరిపోదని, వేరే గణాంక పద్ధతిలో మళ్లీ చెయ్యమని అడిగారు. ఆ వ్యాఖ్య చదవగానే చెయ్యి గ్రాఫు ఫైలు వైపు వెళ్లింది. కాగితం మీద రాసుకున్నాను, ఏ వాక్యం దగ్గరో. ఈ వారం ఉదయాలన్నీ ఆ లెక్కకే ఇచ్చాను, సగం దాకా వచ్చింది, స్పెల్లింగులు సాయంత్రం చూస్తాను.